పరిమళ తైలాల పరిశోధకుడు ఒట్టో వాలాఖ్

జలుబు చేసినప్పుడు మనము రుమాలుపై చిలకరించుకొనే నీలగిరి తైలంలో ప్రధాన ద్రవ్యం సినియోల్. (పేరు నీలగిరిదే గాని ఆ చెట్టు పుట్టినిల్లు ఆస్ట్రేలియా!) దానిపై పరిశోధన సాగించిన మహనీయులలో ఒకరు జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఒట్టో వాలాఖ్.

ఆయన 1847 మార్చి 27న కోనిగ్స్‌బర్గ్‌లో జన్మించారు. గటింగెన్‌లో విద్య ముగించి, 1870లో బాన్ నగరంలో కెకూలే ఆచార్యుని చెంత చేరారు. 1879లో ఔషధశాస్త్ర బోధన ఆయనపై పడింది. కోరి వరించిన పని కాదది. అయినా ఆ బాధ్యతే ఆయనను పరిమళ తైలాల వైపు మళ్లించింది. కెకూలే బీరువాలో ఏండ్ల తరబడి మూత తీయక పడియున్న తైలపు సీసాలను ఆయన చేపట్టారు.

ఆనాడు ఏ మొక్క నుండి తీసిన టెర్పీనుకు ఆ మొక్క పేరే పెట్టేవారు. చాలావరకు ద్రవాలే కావడంతో ఒకదాని నుండి మరొకదానిని గుర్తించుట దుష్కరం. వాలాఖ్ వాటిని బ్రోమిన్, హైడ్రోజన్ క్లోరైడ్, నైట్రోసిల్ క్లోరైడులతో చర్య జరిపించి స్ఫటికాలుగా మార్చారు. స్ఫటికానికి నిర్దిష్టమైన ద్రవీభవన స్థానం ఉంటుంది గనుక రెండు పదార్థాలు ఒకటేనా, వేరా అన్నది తేలుతుంది. డైపెంటీన్ అన్నది కొత్త పదార్థం కాదనీ, కాంతితలాన్ని కుడికి, ఎడమకు తిప్పే రెండు లిమొనీనులు సమపాళ్లలో కలిసినదేననీ ఆ విధంగానే ఆయన నిరూపించారు. తైలంలో ఏమున్నదో తెలియనిదే ఔషధపు శుద్ధిని, కల్తీని నిర్ణయించడమెట్లు? ఆయన ఘనత ఇక్కడే ఉన్నదని మేము తలుస్తున్నాము.

1889లో గటింగెన్‌లో ఆచార్యులైనారు. 1910లో నోబెల్ బహుమానం లభించింది. మొదటి ప్రపంచ యుద్ధం ఆయన సహాయకులలో ఆరుగురిని బలిగొన్నది. 1915లో ఆయన పదవి నుండి తప్పుకొన్నారు. 1931 ఫిబ్రవరి 26న కన్నుమూశారు.