పండిత రమాబాయి

స్త్రీకి శాస్త్రాధ్యయనార్హత లేదని పండితలోకం శాసిస్తున్న రోజులలో అనంతశాస్త్రి డోంగ్రే తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పాడు. సాటివారి ఆగ్రహానికి గురై, పశ్చిమ కనుమలలోని గంగామూల అరణ్యంలో నివాసం ఏర్పరచుకున్నాడు. అక్కడే 1858 ఏప్రిల్ 23న రమాబాయి జన్మించింది. ఇంటిపనులు మొదలుకాకముందే, వేకువజామున తల్లి ఆమెను నిద్రలేపి శ్లోకాలు వల్లె వేయించేది.

పురాణపఠనం చేస్తూ తీర్థయాత్రలు సాగించిన ఆ కుటుంబాన్ని 1870 దశకంలో మద్రాసు రాజధానిలో కరువు కబళించింది. తల్లిదండ్రులు, తరువాత అక్క మరణించారు. మిగిలిన అన్నాచెల్లెళ్ళు కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి విద్వాంసులు రమాబాయిని పరీక్షించి, పండిత, సరస్వతి అనే బిరుదులతో సత్కరించారు. అయితే ధర్మశాస్త్రాలను స్వయంగా చదివేకొద్దీ, వాటిలో స్త్రీకి ఇచ్చిన స్థానం ఆమెను కలవరపరచింది.

1880లో బిపిన్ బిహారీ దాస్‌ను కులాంతర వివాహం చేసుకున్నది. రెండేళ్ళకే భర్త కలరాతో మరణించగా, పసిబిడ్డ మనోరమతో మిగిలింది. 1883లో ఇంగ్లండు వెళ్ళింది. లండన్‌లోని ఫుల్‌హామ్‌లో, సమాజం వెలివేసిన స్త్రీలను క్రైస్తవ సన్యాసినులు ఆదరించడం చూసి ఆశ్చర్యపోయింది. ఈ దయకు మూలమేమని అడిగినప్పుడు, వారు బైబిలులో యేసు సమరయ స్త్రీతో సంభాషించిన ఘట్టాన్ని చదివి వినిపించారు. గ్రంథార్థం ఆమెకు ముందుగా సేవారూపంలోనే కనిపించిందన్నమాట. ఆ ఏడాదే ఆమె క్రైస్తవమతం స్వీకరించింది. అయినా మతగురువుల వ్యాఖ్యానాన్ని ప్రశ్నించక అంగీకరించలేదు. తానే చదవాలి, తన అంతరాత్మకు సమ్మతం కావాలి. ఈ పట్టుదల ఆమెను ఆదరించిన వారికే ఇబ్బంది కలిగించింది.

స్వదేశానికి తిరిగివచ్చి 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ స్థాపించింది. మరుసటి ఏడాది దానిని పూనాకు మార్చింది. ఆమె ప్రార్థన చేసుకునే గదిలోకి బాలికలు వస్తున్నారని 1893లో వివాదం చెలరేగింది. పలువురు సంరక్షకులు తమ పిల్లలను తీసుకుపోయారు. 1896లో మధ్యపరగణాలను కరువు పీడించినప్పుడు, ఒకనాడు తానే ఆకలితో అలమటించిన రమాబాయి అక్కడికి వెళ్ళి వందలాది బాలికలను వెంట తెచ్చుకున్నది. పూనా సమీపంలోని కేడ్‌గావ్‌లో ముక్తి సదన్ వారికి ఆశ్రయమైంది. అక్కడ వారు చదువుతోపాటు నేతపని, వ్యవసాయం, ముద్రణ నేర్చుకున్నారు.

అక్షరాలు నేర్చిన ఆ స్త్రీలకు అప్పటి మరాఠీ బైబిలు సంస్కృత పదభారంతో అర్థం కాలేదు. రమాబాయి నడివయసు దాటాక హీబ్రూ, గ్రీకు భాషలు అభ్యసించి, మూలం నుండి అనువాదానికి పూనుకున్నది. సంస్కృతంలో మహాపండితురాలైన ఆమె ఆ పదాలనే ఏరి పక్కన పెట్టి, పల్లె స్త్రీ మాట్లాడే మరాఠీని వెదికింది. ఆమెకు కవిత్వధోరణి తెలియక కాదు; వినేవారు ఎవరో తెలిసినందువల్ల. అక్షరాలు కూర్చినవారు, అచ్చువేసినవారు కూడా సదన్‌లోని స్త్రీలే.

1921లో మనోరమ మరణించింది. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసింది. ఆమె అనువదించిన సంపూర్ణ బైబిలు 1924లో వెలువడింది.