ఒక్క వోటుతో కూలిన మంత్రివర్గము: ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి జీవితము

బాగ్‌బేరాయందును, టాటానగరు రైల్వే నివాసములయందును కాపురముండు తెలుగు కుటుంబములలో పెక్కింటికి మూలస్థానము శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములు. మన పెద్దలు బెంగాలు నాగపూరు రైలుమార్గము వెంబడి ఇటు వచ్చిన దినములలో వారి స్వగ్రామములు మద్రాసు రాష్ట్రమునకు చెందియుండెను. తెలుగువారికి ప్రత్యేకమగు రాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడెను. దాని తొలి మంత్రివర్గము ఏకపక్ష మంత్రివర్గము కాదు, సంకీర్ణ మంత్రివర్గము. దానిని కూర్చినవారు ఆంధ్రకేసరి శ్రీ టంగుటూరి ప్రకాశము పంతులుగారు.

పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. బాల్యముననే తండ్రి గతించుటచే తల్లి ఒంగోలునందు పూటకూళ్ళ యిల్లు నడపి బిడ్డలను పోషించెను. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ బాలుని చురుకుదనము గుర్తించి, తనతోగూడ రాజమహేంద్రవరమునకు గొనిపోయి చదివించెను. పంతులుగారు అచ్చటనే న్యాయవాదియై, పురపాలక సంఘాధ్యక్షులై, తరువాత ఇంగ్లండునకేగి బారిస్టరు పట్టముతో మరలివచ్చి మద్రాసు హైకోర్టులో విశేషధనము నార్జించిరి.

1921లో గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమమున జేరి ఆ వృత్తిని విడిచిపుచ్చిరి. మద్రాసునుండి స్వరాజ్య యను ఇంగ్లీషు దినపత్రికను స్థాపించి, ఆర్జించినదెల్ల దానికి ధారవోసిరి. 1928లో సైమను కమీషను బహిష్కార సందర్భమున మద్రాసు వీథిలో తుపాకుల యెదుట రొమ్ము చూపి నిలిచిరి. ఆంధ్రకేసరి యను బిరుదము వారి పేరితో శాశ్వతముగా జతపడెను.

1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున రెవిన్యూ మంత్రియై, జమీందారీ రైతుల స్థితిగతులను విచారించు సంఘమునకు అధ్యక్షత వహించిరి. ఎస్టేటు గ్రామములలో శిస్తులకు లోబడి బ్రదికిన ఉత్తరాంధ్ర రైతులకు ఆ విచారణ గొప్ప యాశను గల్పించెను. 1946 ఏప్రిల్ 30వ తేదీన వారే మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి యైరి. బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులకు నాయకత్వము వహించిన వి. వి. గిరిగారును, రుక్మిణీ లక్ష్మీపతిగారును, కడప కోటిరెడ్డిగారును ఆ మంత్రివర్గమున నుండిరి. శాసనసభలో కాంగ్రెసునకు నిండైన ఆధిక్యముండెను. ఐనను సొంత పక్షములోని అసమ్మతివలననే 1947 మార్చిలో పంతులుగారు పదవి విడువవలసివచ్చెను. ఆ మంత్రివర్గమునకు పదునొకండు నెలలైనను నిండలేదు.

1951లో వారు కాంగ్రెసును వీడిరి. 1952 ఎన్నికలలో 375 స్థానములుగల మద్రాసు శాసనసభయందు కాంగ్రెసునకు 152 స్థానములే లభించెను. పంతులుగారు స్వయముగా ఓడిపోయినను, కాంగ్రెసేతరులు పెక్కురు వారిని నాయకునిగా ఎన్నుకొనిరి. ఐతే గవర్నరు రాజగోపాలాచారిగారినే ప్రభుత్వము నేర్పరుప నాహ్వానించెను. ఆ యేడు అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు ప్రత్యేకాంధ్ర రాష్ట్రమునకై నిరాహారదీక్ష బూని డిసెంబరు 15న అసువులు బాసిరి. నాలుగు దినములకు నెహ్రూగారు ఆంధ్ర రాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి.

ఇక మంత్రివర్గము నేర్పరచుట సులభముగా లేదు. క్రొత్త రాష్ట్ర శాసనసభలో 140 మంది సభ్యులు. కాంగ్రెసు, కమ్యూనిస్టు, ప్రజా సోషలిస్టు, కృషికార్ లోక్ పక్షములలో దేనికిని ఒంటరిగా ఆధిక్యము లేదు. ఎక్కువ బలముగల రెండు పక్షములు, కాంగ్రెసును కమ్యూనిస్టులును, ఒకదానికొకటి బద్ధవిరోధులు. నాడు కాంగ్రెసు నాయకుడు నీలం సంజీవరెడ్డిగారు. అన్ని పక్షములవారు గౌరవించు పెద్ద ఒక్కడే కనబడెను. అతడు ప్రకాశము పంతులుగారు. వారు ప్రజా సోషలిస్టు పక్షమును వీడి కాంగ్రెసుతో చేయికలిపిరి. సంజీవరెడ్డిగారు అగ్రపీఠమును పెద్దవారికి విడిచి తాము ఉపముఖ్యమంత్రిత్వమును స్వీకరించిరి. నాటికి పంతులుగారికి ఎనుబదియొక్క యేండ్లు.

ఆ కూర్పులో పక్షముల లెక్కయొక్కటే కాదు, ప్రాంతముల లెక్కయు కలదు. రాయలసీమ నాయకులకును కోస్తా నాయకులకును 1937లో కుదిరిన శ్రీబాగు ఒడంబడిక ప్రకారము రాజధాని, హైకోర్టులలో ఏది కావలయునో కోరుకొను హక్కు సీమకుండెను. ముఖ్యమంత్రి కోస్తావాడు, ఉపముఖ్యమంత్రి అనంతపురమువాడు. పంతులుగారి చిరకాలానుచరుడు, విశాఖకు చెందిన తెన్నేటి విశ్వనాథముగారు ఆర్థికమంత్రి యైరి. కడపనుండి కోటిరెడ్డిగారు, కర్నూలునుండి దామోదరం సంజీవయ్యగారు, గోదావరి సీమనుండి పట్టాభిరామారావుగారు చేరిరి. ఇట్లు మంత్రివర్గము పక్షముల కలయికయు, సీమల కలయికయు నయ్యెను. రాజధాని కర్నూలునకు దక్కెను. 1954 జూలైలో హైకోర్టు గుంటూరునందు వెలసెను.

కర్నూలులో కార్యాలయములకు భవనములు చాలక గుడారములలో ప్రభుత్వము నడచెను. కృష్ణానదిపై బెజవాడయొద్దనున్న పాత ఆనకట్ట 1952లో తెగియుండెను. దాని స్థానమున క్రొత్త బారేజి నిర్మాణము 1954లో ఆరంభమయ్యెను. నేడది ప్రకాశము బారేజి. ఆ యేడే తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను.

చిక్కు మద్యనిషేధముకడ వచ్చెను. మద్రాసు రాష్ట్రమునుండి సంక్రమించిన నిషేధచట్టమువలన కల్లుగీత వృత్తివారు జీవనోపాధి గోల్పోయి యుండిరి. నిషేధమును విచారించుటకు నియమింపబడిన రామమూర్తి సంఘము దానిని తొలగింపవలెనని సూచించెను. గాంధీమార్గమున నడచిన ప్రభుత్వమునకు ఆ సూచన నంగీకరించుట కష్టమయ్యెను. శ్రీకాకుళము జిల్లా బారువకు చెందిన గౌతు లచ్చన్నగారు గీతవృత్తివారి పక్షమున ఉద్యమము నడపిరి. కృషికార్ లోక్ పక్షము మంత్రివర్గమునకు దూరమయ్యెను. కమ్యూనిస్టులు మొదటినుండియు ప్రతిపక్షముననే యుండిరి. 1954 నవంబరు 6వ తేదీన అవిశ్వాస తీర్మానమునకు అనుకూలముగా 69 వోట్లును, ప్రతికూలముగా 68 వోట్లును వచ్చెను. ఒక్క వోటుతో ప్రభుత్వము కూలిపోయెను. రాష్ట్రపతి పాలన వచ్చి, 1955 ఎన్నికలలో కాంగ్రెసు, ప్రజాపార్టీ, కృషికార్ లోక్ పక్షములు ఒకటై నిలిచి గెలుపొందగా, బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి యైరి.

సంకీర్ణ ప్రభుత్వమనగానే అది అతుకుల బొంతయని తేలికగా పలుకువారు కలరు. పంతులుగారి జీవితమును పరిశీలించినచో ఆ మాట అంత నిక్కము కాదని తోచును. నిండు ఆధిక్యముగల ఏకపక్షము వారిని పదునొకండు నెలలైనను నిలువనీయలేదు. అరువు బలముతో కూడిన సంకీర్ణ మంత్రివర్గము పదుమూడు నెలలు నిలిచి, రాజధానిని, హైకోర్టును, విశ్వవిద్యాలయమును క్రొత్త రాష్ట్రమునకు సమకూర్చిపోయెను. రెండు తరుణములందును పతనహేతువు ఒకటియే: కలిసివచ్చినవారి మనసును దినదినము కనిపెట్టి నిలుపుకొను ఓర్పు పంతులుగారి స్వభావములో తక్కువ. తుపాకికి వెఱవని ధైర్యము ఉద్యమమునకు చాలును. మంత్రివర్గమునకు అది యొక్కటియే చాలదు. గీతవృత్తివాని పొయ్యిలో నిప్పు ఆరినదను మాట వేళకు చెవినిబడి యున్నచో, ఆ యొక్క వోటు అటు పోకయుండెడిదేమో.

2000లో ఏర్పడిన ఝార్ఖండులో నివసించు మనకు సంకీర్ణ ప్రభుత్వములు క్రొత్త గావు. నాలుగు భాషలవారు ఒకే వీథిలో కాపురముండు బాగ్‌బేరావాసులకు కలిసి నడచుటలోని కష్టసుఖములు వేరుగా చెప్పనక్కరలేదు.

1957 మే 20వ తేదీన పంతులుగారు హైదరాబాదులో పరమపదించిరి. లక్షలార్జించిన బారిస్టరు చేతిలో తుదకు చిల్లిగవ్వయు మిగులలేదు. వారి స్వీయచరిత్రలోని చివరి భాగమును, వారి మరణానంతరము విశ్వనాథముగారు వ్రాసి పూర్తిచేసిరి. 1972లో ఒంగోలు జిల్లాకు ప్రకాశము జిల్లాయని పేరిడిరి. పూటకూళ్ళ యింట పెరిగిన బాలుని పేరు ఒక జిల్లాకును, కృష్ణపై నొక బారేజికిని నిలిచియున్నది. ఒక్క వోటు తీసికొనిపోయినది పదవిని మాత్రమే.