చెక్కముక్కలతో రిహార్సల్

మన స్కూలు వార్షికోత్సవ నాటకంలో పద్యం బాగానే పాడాను గానీ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బిగుసుకుపోయాను. అందుకే నాకు డబ్ల్యు.ఎస్. గిల్బర్ట్ (1836–1911) అంటే గురి. లండన్‌లో ఆర్థర్ సలివన్ స్వరపరచిన ఆపరెట్టాలకు మాటలూ పాటలూ రాసింది, గాయకులకు నటన నేర్పింది ఆయనే. ముందే ఇంట్లో చిన్న నమూనా స్టేజీ మీద చెక్కముక్కలు జరుపుతూ ఎవరెక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో తేల్చుకునేవాడు (ఇంజనీరుకి నచ్చక ఏం చేస్తుంది!). రిహార్సల్లో స్వయంగా చేసి చూపేవాడు. కోపిష్టే.

1878లో ‘పినఫోర్’కి వచ్చిన జెస్సీ బాండ్ కచేరీ గాయని, నటన కొత్త. ఆమె పాత్రకు మాటలు చాలావరకు తీసేశారు. ఏడేళ్లకు ‘మికాడో’లో అదే జెస్సీ, మాటలున్న పెద్ద పాత్రలో!

74వ ఏట తన ఇంటి చెరువులో అమ్మాయిలకు ఈత నేర్పుతూ, మునిగిపోతున్న ఒకమ్మాయిని అందుకోబోయి, గుండె ఆగి పోయాడు.