ఫిడేలు నాయుడుగారు: ద్వారం వెంకటస్వామి నాయుడు



మీలో పలువురు పాఠశాల ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తున్నారు. వారాంతంలో గురువుగారి యింట అదే వాద్యాన్ని నేలపై కూర్చుని, వేరొక శ్రుతిలో, వేరొక బాణీలో అభ్యసిస్తున్నారు. ఈ రెండింటిలో తమదేదో తేల్చుకోలేక మథనపడేవారూ మీలో ఉండవచ్చు. అట్టివారు తప్పక తెలుసుకోదగిన జీవితం ద్వారం వెంకటస్వామి నాయుడుగారిది.

వయొలిన్ మన దేశంలో పుట్టిన వాద్యం కాదు. ఐరోపావారితో దక్షిణ భారతానికి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల సోదరులు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో దానిని నేర్చి మన సంగీతానికి అనువుగా మలచుకున్నారు. గడ్డం క్రింద నిలిపి వాయించే వాద్యం కొస కుడి పాదంపైకి దిగింది. తంత్రులు షడ్జ పంచమాలకు శ్రుతి అయ్యాయి. గమకం పలకడానికి వ్రేళ్ళు తంత్రిపై జారడం నేర్చాయి. అయినను, కచేరీలో దాని స్థానం గాయకుని ప్రక్కనే. పాటను నీడవలె అనుసరించడమే దాని ధర్మమని లోకం భావించేది.

నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళి పర్వదినాన, బెంగళూరులో జన్మించారు. తండ్రిగారు సైన్యంలో ఉద్యోగి. బాల్యం విశాఖపట్నంలో గడిచింది. దీపాల పండుగనాడు పుట్టిన ఆ బాలునికి చూపు మాత్రం మందం. నల్లబల్లపై అక్షరాలు కనిపించక బడి చదువు నిలిచిపోయింది. ఆనాడు అంతటితో ఆ పిల్లవాని భవిష్యత్తు ముగిసినదని తలచినవారు లేకపోలేదు. కాని అన్నగారు వెంకటకృష్ణయ్యగారు వయొలిన్ తెలిసినవారు. తమ్మునికి ఆ విద్య నేర్పినది ఆయనే. కన్నులు అందించలేనిదంతా ఆ బాలుడు చెవులతో గ్రహించాడు. గంటల తరబడి సాధన చేశాడు.

1919లో విజయనగర మహారాజావారు సంగీత కళాశాలను స్థాపించారు. సంస్థానోద్యోగి కుమారుడైన ఒక అంధ బాలునికి సంగీతం నేర్పించవలెనన్న తలంపే దానికి మూలమని చెబుతారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. పాతికేళ్ళ నాయుడుగారు విద్యార్థిగా చేరదలచి అక్కడికి వెళ్ళారు. ఆయన వాద్యం విన్న దాసుగారు, ఈతడు ఇక్కడ నేర్చుకోవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని నిర్ణయించి, వయొలిన్ ఆచార్యునిగా నియమింపజేశారు. ఏ చూపు లోపం బడి తలుపులు మూసిందో, ఆ లోపాన్ని ఈ కళాశాల లెక్కింపలేదు. 1936లో ఆయనే దానికి ప్రిన్సిపాల్ అయ్యారు.

నాయుడుగారి వాద్యంలో ముందుగా చెప్పుకోవలసినది కమాను. పాశ్చాత్య విద్వాంసులు కమానును నడిపే తీరును ఆయన గౌరవంతో గమనించారు. దాని నిండుదనాన్ని, నాద శుద్ధిని గ్రహించి, రాగ భావానికి లోపం రాకుండా మన సంగీతంలో ఇముడ్చుకున్నారు. పరాయిదని త్రోసిపుచ్చలేదు, గొప్పదని లొంగిపోనూ లేదు. మహా గాయకులకు ప్రక్కవాద్యం వాయిస్తూనే, వయొలిన్ ఒంటరిగా సభను నిలబెట్టగలదని నిరూపించారు. 1938లో వేలూరులో జరిగిన కచేరీని ఆయన సోలో ప్రస్థానానికి ఆరంభంగా చెబుతారు. నేడు వేదిక నడుమ కూర్చుని వయొలిన్ కచేరీ చేస్తున్న ప్రతి కళాకారుడూ ఆ బాటలో నడుస్తున్నవాడే.

గౌరవాలు వెదుకుకుంటూ వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి, 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. న్యూయార్కులో పుట్టి జగద్విఖ్యాతుడైన వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ 1952లో భారతదేశానికి వచ్చినపుడు నాయుడుగారి వాద్యాన్ని విని ఆనందించారు. ఒకే వాద్యాన్ని రెండు సంప్రదాయాలలో తపస్సుగా సాధించిన ఇద్దరు అలా కలుసుకున్నారు. ఇన్ని బిరుదులు వచ్చినను ఆంధ్ర జనులకు మాత్రం ఆయన ఫిడేలు నాయుడుగారే.

1964 నవంబరు 25న ఆయన పరమపదించారు. కుమార్తె ద్వారం మంగతాయారుగారు, పెక్కుమంది శిష్యులు ఆ బాణీని కొనసాగించారు. శత జయంతి సంవత్సరమైన 1993లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

యువ మిత్రులారా! ఒక పరాయి వాద్యం మన కీర్తనలకు గొంతు కావడానికి తరాలు పట్టింది. ఈ దేశంలో పుట్టి, ఇక్కడి భాషలో చదువుకుంటూ, మన స్వామి సన్నిధిలో కీర్తనలు పాడుతున్న మీరు చేస్తున్నదీ అటువంటి పనియే. పాఠశాలలో నేర్చిన కమాను నడకను ఇంటి గుమ్మం బయట విడిచి రానక్కరలేదు. ఈ వార్షికోత్సవ సంగీతారాధనలో మీ వయొలిన్‌ను శ్రుతి చేసుకొనేటప్పుడు, స్వామి పేరే తన పేరుగా ధరించిన ఆ విద్వాంసుని ఒక్కమారు స్మరించండి. ఆ వేంకటేశ్వరుడు మీ సాధనను ఫలింపజేయుగాక!