మాలరీ: మంచు నేర్పిన పాఠము

జార్జి మాలరీ పేరు విన్నంతనే ఎవరెస్టు శిఖరము జ్ఞప్తికి వచ్చును. ఆయన 1886వ సంవత్సరము జూన్ 18వ తేదీన ఇంగ్లండునందలి చెషైరు మండలమున జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి ఉపాధ్యాయుడయ్యెను. మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగిదళమునందు పనిచేసెను. 1921, 1922, 1924 సంవత్సరములలో ఎవరెస్టునకు వెడలిన మూడు యాత్రలయందును పాల్గొన్నవాడు ఆయన యొక్కడే. లోకము ఆయన సాహసమును కొనియాడుచున్నది. కాని ఆ జీవితమున మరువరాని దినము 1922 జూన్ 7.

ఆ యేడు రెండు ప్రయత్నములు విఫలమయ్యెను. వర్షకాలము సమీపించెను, జూన్ మొదటి దినములలో మంచు విశేషముగా కురిసెను. ఆకాశము తెరపి యిచ్చినంతనే మాలరీ, ఇరువురు సహచరులు, పదునలుగురు మోతగాండ్రు త్రాళ్లతో కట్టుకొని ఉత్తరపు కనుమవైపు బయలుదేరిరి. మార్గమున నిటారుగా నున్న యొక వాలును పరీక్షించి, అది జాఱకుండుట చూచి, అపాయము గడచినదని తలంచిరి.

ఇచటనే పొరపాటు జరిగెను. ఒకచోట నిలిచిన మంచు వేఱొకచోట నిలుచునన్న నమ్మకము లేదు. గాలి మంచును ఒకవైపు ఊడ్చి, మఱియొకవైపు పలకలుగా పేర్చును. ఆ పలక పైకి గట్టిగా గానవచ్చును. కాని అడుగు పొరతో దానికి పట్టు చాలకుండును. ముప్పది మొదలు నలుబదియైదు డిగ్రీల వాలున మనుష్యుల బరువే దానిని పగుల్చును. అందుచేతనే గొప్ప మంచు కురిసిన పిమ్మట కొన్నాళ్లు వేచియుండుట క్షేమమని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

మధ్యాహ్నము ఒంటిగంటన్నర ప్రాంతమున ప్రేలుడువంటి ధ్వని వినవచ్చెను. మంచుచరియ అందఱిని ఈడ్చుకొనిపోయెను. మాలరీయు ఆయన సహచరులును బయటపడిరి. తొమ్మండుగురు మోతగాండ్రు మంచుగోడ అంచు దాటి క్రిందబడిరి. అందిద్దఱు మాత్రమే ప్రాణములతో దక్కిరి, ఏడుగురు మరణించిరి. మృతులలో ఆంగ్లేయుడొక్కడును లేడు. మాలరీ ఆ నింద ఇతరులపై మోపక తనమీదనే వేసికొనెను. ఆయన పెద్దఱికము ఇందే గానవచ్చును. కాని పశ్చాత్తాపము పోయిన ప్రాణములను తిరిగి తేజాలదు.

రెండేండ్ల పిమ్మట, 1924 జూన్ 8న, ఇర్విన్ అను యువకునితో శిఖరమునకై సాగి ఆయన అదృశ్యుడయ్యెను. 1999లో ఆయన దేహము 8,155 మీటర్ల యెత్తున కనబడెను. ఆయన శిఖరము చేరెనా లేదా యను తర్కము నేటికిని తెగలేదు.

ఆ తర్కముకంటె తెలిసికొనవలసిన దొకటి కలదు. ముందు నడచువాని తీర్పు తప్పినపుడు దాని మూల్యము వెనుక బరువు మోయువాడు చెల్లించును. కీర్తిని లెక్కించు చరిత్ర ఆ ఏడుగురినిగూడ లెక్కింపవలెను.