మాట్లాడని ట్యూటర్

స్కూల్ పిల్లలకీ టీచర్లకీ పనికొచ్చే ఏఐ టూల్స్ ఎలా ఉండాలి? ఈ సెమిస్టర్ నేను దీని మీదే చదువుతున్నా. ఆ చదువులో కంప్యూటర్ చూడని కాలపు ఒక డాక్టరమ్మ దగ్గర ఆగిపోయా. ఆవిడే మరియా మాంటిస్సోరి. ఆ పేరుతో మన దగ్గర వీధికో స్కూల్ ఉంటుంది. ఆ పేరు గల మనిషి కథ మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఆవిడ 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లెలో పుట్టారు. ఆడపిల్లలు మెడిసిన్ చదవడమే అరుదైన రోజుల్లో, 1896లో రోమ్‌లో డాక్టర్ అయ్యారు. మానసిక వైద్యశాలల్లో ఉంచిన, ఎదుగుదలలో వెనకబడిన పిల్లల్ని చూసి, వాళ్లకి మందుల కన్నా ముందు చదువు కావాలని అర్థం చేసుకున్నారు. ఇటార్, సెగ్యాన్ అనే ఫ్రెంచ్ డాక్టర్ల పుస్తకాలు చదివి, చేత్తో పట్టుకుని నేర్చుకునే వస్తువులతో ఆ పిల్లలకి నేర్పించారు.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో చిన్నపిల్లల కోసం ఒక బడి మొదలైంది. అమ్మానాన్నలు పనికి పోతే మెట్ల మీద తిరిగే పిల్లలే అందులో విద్యార్థులు. మాంటిస్సోరి తన వస్తువుల్ని అక్కడికి తెచ్చారు.

వాటిలో ఒకదాని గురించి చెప్పాలి. ఒక చెక్క దిమ్మ, అందులో పది గుంతలు, ఒక్కో గుంతలో ఒక్కో సైజు గుండ్రటి చెక్క ముక్క. పిల్ల అన్నీ తీసి, కలిపేసి, మళ్లీ పెట్టాలి. ఒకటి తప్పు గుంతలో పెడితే, చివర్లో ఏదో ఒక ముక్క మిగిలిపోతుంది, లేదా పట్టదు. తప్పు జరిగిందని చెప్పేది టీచర్ కాదు, చెక్కే. తిట్టదు, మార్కులు వెయ్యదు, ఆన్సర్ కూడా చెప్పదు. ఎక్కడ తప్పిందో పిల్లే వెతుక్కోవాలి. ఓ మూడేళ్ల పాప దీన్ని నలభైసార్లకి పైగా చేసింది. చుట్టూ పాటలు పాడించినా, కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా ఆపలేదట.

ఇంకోరోజు టీచర్ బీరువాకి తాళం వెయ్యడం మర్చిపోయింది. ఆవిడ వచ్చేసరికి పిల్లలు తమకి కావాల్సినవి తీసుకుని పనిలో ఉన్నారు. మాంటిస్సోరి దాన్ని అల్లరి అనుకోలేదు. పిల్లలకి ఎంచుకోవడం వచ్చని అనుకున్నారు. బీరువాల్ని వాళ్ల చేతికి అందే ఎత్తులో చేయించారు. మన భాషలో చెప్పాలంటే, యూజర్‌ని చూసి డిజైన్ మార్చారు.

ఆవిడ సొంత జీవితం ఇంత సాఫీగా లేదు. 1898లో పుట్టిన కొడుకు మారియో చాలా ఏళ్లు పల్లెలో వేరేవాళ్ల దగ్గర పెరిగాడు. మొదట్లో ఆవిడ బడులకి సాయం చేసిన ముస్సోలినీ ప్రభుత్వంతో చివరికి పడలేదు. ఆవిడ ఇటలీ వదిలేశారు.

1939లో తల్లీకొడుకులు మద్రాసు అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చారు. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలోకి దిగడంతో, ఇటాలియన్ అని మారియోని బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకి వదిలిపెట్టింది. 1946 దాకా ఇక్కడే ఉండి వెయ్యిమందికి పైగా టీచర్లకి శిక్షణ ఇచ్చారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

ఆవిడ బడిలో టీచర్ పని ఎక్కువగా గమనించడమే. చెక్క తప్పు చూపిస్తుంటే, టీచర్‌కి పిల్లని చూసే టైమ్ దొరికేది. ఇప్పుడు మన చాట్‌బాట్ ప్రశ్న అడగ్గానే పేజీడు జవాబు ఇస్తుంది. పిల్లకి వెతుక్కునే పని ఉండదు. ఆ పిల్ల ఎక్కడ ఆగిందో టీచర్‌కీ తెలియదు. కాబట్టి ఇలాంటి టూల్ ఎవరు కట్టినా, అది ఎంత బాగా చెప్తుందో చూసే ముందు, ఎక్కడ చెప్పకుండా ఆగుతుందో చూడండి.