సి. కె. నాయుడుగారు

విద్యార్థులారా, గెలిచినవారి చరిత్రములే చదువఁదగినవని తలఁపకుఁడు. భారతదేశపు మొదటి టెస్టు క్రికెట్టు నాయకులగు కొట్టారి కనకయ్య నాయుడుగారు తాము జట్టును నడిపిన నాలుగు టెస్టు పందెములలో ఒక్కదానినైనను గెలువఁజాలకపోయిరి. మూఁటిలో నోటమి, ఒకటి తేలకపోయెను.

వీరు 1895 అక్టోబరు 31న నాగపురమున తెలుఁగువారి యింట జన్మించిరి. 1926లో బొంబాయిలో ఆంగ్లేయజట్టుపై 11 సిక్సరులతో 153 పరుగులు చేసి కీర్తి గాంచిరి. 1932లో లండనునందలి లార్డ్సు మైదానమున మన మొదటి టెస్టులో, బంతి పట్టఁబోయి చేయి గాయపడినను, 40 పరుగులు చేసిరి.

1933 డిసెంబరులో ఆంగ్లేయులతో బొంబాయిలో టెస్టు జరిగెను. నాయుడుగారు 67 పరుగులు చేసి, యువకుఁడగు లాలా అమరనాథునకు తోడై నిలువఁగా, ఇరువురును కలిసి 186 పరుగులు కూర్చిరి. టెస్టులలో భారతదేశపు మొదటి శతకము నాఁడు అమరనాథునిదయ్యెను. అయినను ఓటమి తప్పలేదు. 1934 ఫిబ్రవరిలో చెన్నపురియందు హెడ్లీ వెరిటీ అను ఎడమచేతి స్పిన్ను బౌలరు, నేలఁ దాఁకి మలుపు తిరుగు బంతులతో 11 వికెట్లు తీసి మనవారి నోడించెను.

1936లో నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు దక్కెను. నాయుడుగారు ఆయన క్రింద నాడిరి. తమ తుది టెస్టున, ఓవలు మైదానములో, అలెన్ వేసిన వేగపుబంతి రొమ్మునకుఁ దగిలినను, మైదానము వీడక 81 పరుగులు చేసిరి.

1956లో పద్మభూషణ బిరుదమందిన వీరు 1967 నవంబరు 14న ఇండోరులో మరణించిరి. బాలురారా, పరీక్షలోఁగాని ఆటలోఁగాని ఓటమి కలిగిన దినమున, దెబ్బ తినియు వికెట్టునొద్ద నిలిచిన యీ తెలుఁగువానిని స్మరింపుఁడు.